పాట లేకుండా వచ్చిన ఆటో

దగ్గరికి జరగండి. చాప మీద ఇంకా చోటుంది, మోకాళ్ళు తగిలినా ఫరవాలేదు. బతుకంతా మైకులో మాట్లాడిన మనిషిని కాబట్టి వీధి చివర కూర్చున్నా నా మాట మీకు వినపడుతుంది. కానీ ఇది హారన్‌లో చెప్పే మాట కాదు, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది. ఎవరి పనిలో వాళ్ళకు మరిచిపోలేని సంగతి ఒకటి ఉంటుంది కదా. నా పనిలో నాకున్నది ఇదే.

అది 2015 వేసవి. రాష్ట్రం రెండుగా విడిపోయి ఏడాది అయింది. మార్కాపురంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా కొత్త రాజధాని మాటే. పెద్ద జబ్బు చేస్తే ఇకమీదట హైదరాబాదు పోవాలా, గుంటూరు పోవాలా అని ఒకరినొకరు అడుక్కునేవాళ్ళు. ఆడవాళ్ళకు మాత్రం రాజధాని ఎక్కడైనా ఒకటే, వీధిలోకి నీళ్ళు ఎప్పుడొస్తాయన్నదే లెక్క. ఆ ఏడు బోర్లన్నీ ఎండిపోయాయి. కుళాయి వారం పది రోజులకొకసారి వస్తే వచ్చినట్టు, లేదంటే ట్యాంకరే దిక్కు.

మా ఆయన నాగయ్యది మైక్ సెట్ దుకాణం. ఆటో వెనక రెండు హారన్లు కట్టి, లోపల ఆంప్లిఫైయర్, బ్యాటరీ పెట్టుకుని ఊరూరా ప్రచారం చేసేవాళ్ళం. హారన్ అంటే మాటను దూరం మోసే గొట్టం, ఆంప్లిఫైయర్ అంటే ఆ మాటకు బలం ఇచ్చే పెట్టె. నడిపేది ఆయన, మాట్లాడేది నేను. పెద్దారవీడు నుంచి గిద్దలూరు దాకా నా గొంతు తెలియని వీధి లేదు. చదివింది నాలుగో తరగతి. కాగితం చూసి చదవమంటే తడబడతాను. కానీ ఎవరైనా ఒక్కసారి చెప్పారంటే పొల్లుపోకుండా గుర్తుంటుంది.

మా పనికి కొన్ని పద్ధతులున్నాయి. ముందు పాట, ఆ వెనక మాట. బట్టల కొట్టు సేల్ అయితే హుషారైన సినిమా పాట. తిరునాళ్ళయితే భక్తి పాట. పిల్లవాడు తప్పిపోతే పాట ఉండదు, ఆటో మాత్రం పరుగులు తీస్తుంది. ఇక చావు కబురు. దానికి పాట ఉండదు, పరుగూ ఉండదు. ఆటో మనిషి నడకతో వస్తుంది, గొంతు తగ్గించి ఫలానా వారి కుమారుడు ఫలానా అని మొదలుపెడతాం. పాట లేని ఆటో నిదానంగా వీధిలోకి మళ్ళిందంటే చాలు, ఆడవాళ్ళు పొయ్యి మీది పాలు దించి గుమ్మంలోకి వస్తారు. ఎవరు పోయారో అని.

ఈ పద్ధతి గుర్తుపెట్టుకోండి. కథంతా దీని మీదే నడుస్తుంది.

మా ఎదుటి వరసలో టైలర్ బాషా భాయ్ దుకాణం. ఆయన ప్యాంట్లు, చొక్కాలు కుట్టేవాడు. కూతురు హసీనా జాకెట్లు కుట్టేది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ ఒంటి మీద ఆ పిల్ల కుట్టిన జాకెట్టే ఉండేది. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఎగాదిగా చూసి, "పెద్దమ్మా, ఒళ్ళు చేసినావు. ఈసారి చంకల కాడ వదులు పెడతాలే" అనేది. టేపు తర్వాత పెట్టినా ఆ పిల్ల మాటే నిజమయ్యేది.

ఆ వేసవికి ముందు చలికాలంలో హసీనాకు జ్వరం పట్టుకుంది. వదిలిందంటే మళ్ళీ వచ్చేది. ఒంటి మీద దెబ్బ తగలకుండానే నల్లగా కమిలిన మచ్చలు. గుంటూరు తీసుకుపోతే పరీక్షలు చేసి బ్లడ్ క్యాన్సర్ అన్నారు. మొదటి విడత కీమో ఎక్కించారు. కీమో అంటే క్యాన్సర్ కణాలను చంపే మందు, దానితో పాటు మంచి కణాలు కూడా కొన్ని పోతాయి. జుట్టంతా రాలిపోయి, ముఖం పాలిపోయి ఇంటికి వచ్చింది పిల్ల. రెండో విడతకు ముందు ఇంట్లో కొన్ని రోజులు ఉండమన్నారు.

అప్పుడొచ్చాడు బాషా భాయ్ మా దుకాణానికి. మెడలో టేపు అట్లాగే వేలాడుతోంది.

"కోటమ్మక్కా, ఒక ప్రచారం చేయాల."

"చెప్పు భాయ్. కొత్త బట్టలు దిగినాయా?"

"మా హసీనా గురించి."

మా ఆయన సరిచేస్తున్న వైరు కింద పెట్టాడు.

"ఈసారి మందు ఎక్కిస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోతాయంట అక్కా. ముందే మనుషుల్ని చూసుకోమన్నాది డాక్టరమ్మ. పోయినసారి మా బామ్మర్ది ఇచ్చినాడు, మా అన్న కొడుకు ఇచ్చినాడు. నాకు షుగరు, రోజూ ఇన్సులిన్ పొడుచుకునేవాణ్ణి. నన్ను వద్దన్నారు. ఇంక ఎవరున్నారు మాకు? నేను దుడ్లు అడగటం లేదక్కా. మనుషులు కావాల."

ప్లేట్‌లెట్లంటే రక్తం కారకుండా గడ్డకట్టించే కణాలు. అవి తగ్గితే చిగుళ్ళలోంచి, ముక్కులోంచి, చివరికి తలలోపల కూడా రక్తం కారుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆరోజు నాకు అర్థమైనది ఒక్కటే, ఊళ్ళో మనుషులు కదలకపోతే ఈ పిల్ల దక్కదు.

"ఎంత మంది కావాలంటే అంత మందిని లేపుదాం భాయ్" అన్నాను. "ఏ పాట వేయమంటావు?"

బాషా భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "పాటలు గీటలు వద్దక్కా. బిడ్డ జబ్బు సంగతి చెప్తా సినిమా పాటలేస్తే ఏం బాగుంటాది? నిదానంగా, మర్యాదగా చెప్పండి."

మా ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. నిజమే అనిపించింది. ఇరవై ఏళ్ళ పైబడి ఇదే పని చేస్తున్న ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు చూడండి!

మర్నాడు పొద్దున బయలుదేరాం. పాట లేదు. ఆటో మనిషి నడకతో కదిలింది. నేను గొంతు తగ్గించి, "టైలర్ బాషా గారి కుమార్తె, జాకెట్లు కుట్టే హసీనా..." అని మొదలుపెట్టాను. ఆ పేరు దాకే విన్నారు జనం. పిల్లకు జబ్బని అందరికీ తెలుసు. ఆటో చూస్తే అట్లా వస్తోంది. ఇంక ప్లేట్‌లెట్ల మాట ఎవరికి కావాలి? మేము రెండు వీధులు తిరిగి మూడో వీధిలోకి పోయేసరికి, వెనక వీధుల్లోంచి జనం గుంపులు గుంపులుగా బాషా ఇంటి వైపు నడుస్తున్నారు.

"ఏమే కోటీ, మన మాట బాగా పట్టింది" అన్నాడు మా ఆయన సంతోషంగా.

"అప్పుడే చూడు. రక్తమిచ్చేదానికి ఎట్ల పరిగెత్తుతున్నారో" అన్నాను నేను.

వెనక్కి తిప్పుకుని బాషా ఇంటికి వచ్చాం. వాకిలి నిండా మనుషులు. పూల అంగడామె బుట్టతో సహా వచ్చేసింది. మసీదు పెద్దాయన టోపీ సర్దుకుంటూ బాషా భుజం మీద చెయ్యి వేసి, చివరి ప్రార్థన, జనాజా నమాజు ఎప్పుడని మెల్లగా అడుగుతున్నాడు. బాషా భాయ్ ఆయన మొహాన్నీ, వాకిట్లో జనాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. కిరాణా సుబ్బమ్మ, అదే మా మూలమీది శెట్టిగారి భార్య, గుమ్మం ముందు కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. సుబ్బమ్మ ఏడిస్తే వీధికి వేరే మైకు అక్కర్లేదు.

కిటికీ రెక్క తెరుచుకుంది. లోపల హసీనా, తల చుట్టూ దుపట్టా, మూతికి మాస్కు.

"ఎవరు పోయినారు పెద్దమ్మా?"

సుబ్బమ్మ తల ఎత్తకుండానే, "ఇంకెవరే తల్లీ! బంగారమంటి పిల్లవి, నువ్వే పోతివి గదే..." అని, అప్పుడు తలెత్తింది.

"నేనా? ఎప్పుడు?"

సుబ్బమ్మ ఏడుపు గొంతులోనే ఆగింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"నీ జాకెట్టుకు ఇంకా చేతులు కుట్టలా పెద్దమ్మా" అంది హసీనా. "అవి కుట్టకుండా పోతే నువ్వు ఊరుకుంటావా?"

"చచ్చినదానా! బతికే ఉన్నావా!" అని అరిచింది సుబ్బమ్మ. అంతే, వాకిలంతా గొల్లుమంది. ఏడుస్తూ వచ్చినవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. మసీదు పెద్దాయన గడ్డం తడుముకుంటూ గోడ వైపు తిరిగాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

తర్వాత సుబ్బమ్మ నా మీదికి వచ్చింది. "ఏమే కోటీ, పాట లేకుండా ఆటో తెస్తే జనం ఏమనుకుంటారే? బతికున్న పిల్లను పాడె ఎక్కిస్తివి గదే! ఇన్నేళ్ళ నుంచి ఏం పని నేర్చుకున్నావే?"

 

"తిట్టొద్దు పెద్దమ్మా" అంది హసీనా. "కోటమ్మ పెద్దమ్మ పుణ్యాన ఇంతమంది వచ్చినారు. ఆ మైకు ఇట్లియ్యండి."

గుంపులోకి పోకూడదని, మనుషులకు ఎడంగా ఉండాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకని మైకును డెటాల్ గుడ్డతో తుడిచి, వైరు పొడుగు కలిపి, కిటికీలోంచి లోపలికి అందించాం. పిల్ల నోరు తెరవగానే కుయ్యిమని కూత. ఫీడ్‌బ్యాక్ అంటారు దాన్ని, హారన్‌లోంచి వచ్చిన మాట తిరిగి మైకులోకే దూరితే వచ్చే కూత. మా ఆయన ఆటోను వెనక్కి తిప్పి హారన్ల ముఖం వీధి వైపు పెట్టాడు. అప్పుడు నిదానించింది.

"అందరికీ సలాం, నమస్కారం. నేను హసీనాను. టైలర్ బాషా కూతుర్ని. నా చావు కబురు నేనే విన్నా ఇప్పుడు." జనం మళ్ళీ నవ్వారు. నవ్వులు తగ్గేదాకా పిల్ల ఆగింది. "నేను పోలేదు. నాకు పోవాలని కూడా లేదు. మీ జాకెట్లు నా దగ్గర గుట్టగా పడుండాయి. నా కోసం ఏడ్చేదానికి పనులు మానుకుని వచ్చినారు గదా. ఆ పొద్దు నాకే ఇయ్యండి. గుంటూరు వచ్చి ప్లేట్‌లెట్లు ఇయ్యండి. మీ ఒంట్లో అవి మళ్ళీ ఊరతాయి. నా ఒంట్లో ఇప్పుడు ఊరవు. మీరు ఇస్తేనే..."

 మాస్కు తడిసింది. మైకు మాత్రం దించలేదు.

 అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. పలకల శ్రీను. పలకల ఫ్యాక్టరీలో రాళ్ళు కోసేవాడు, మోచేతుల దాకా బూడిదరంగు దుమ్ము.

"నేనొస్తా చెల్లెమ్మా."

"నేనూ వస్తా" అన్నాడు పక్కనే ఉన్న కోళ్ళ అంగడి ఖాదర్.

ఆ వెనక ఎన్ని చేతులు లేచాయో! సుబ్బమ్మ రెండు చేతులూ ఎత్తింది. బాషా భాయ్ మెడలో టేపు తీసి రెండు చేతుల్లో నలుపుతూ, అందరికీ దండం పెట్టాలో సలాం పెట్టాలో తెలియక రెండూ పెట్టాడు.

హసీనాను రెండో విడతకు గుంటూరు ఆసుపత్రిలో చేర్పించాక, మేము రైలెక్కాం. ఒక పెట్టె నిండా మార్కాపురమే. పెళ్ళివారి ప్రయాణం కూడా అంత సందడిగా ఉండదు. పులిహోర డబ్బాలు, మజ్జిగ సీసాలు, ఒకరి ఒళ్ళో ఒకరు. ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదని ఎవరో చెప్పారట, దొనకొండ దాటకముందే డబ్బాలు ఖాళీ. "ప్లేట్‌లెట్లు ఇస్తే మగతనం పోతాదంట నిజమేనా?" అని ఒకడు అడిగితే, "ఉన్నది పోతాది గానీ లేనిది ఎట్ల పోతాది?" అన్నాడు ఖాదర్. వినుకొండ దాకా ఆ నవ్వు ఆగలేదు.

ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో డాక్టరమ్మ మమ్మల్ని చూసి బిత్తరపోయింది.

"అందరూ ఒక్క పిల్ల కోసమే వచ్చారా?"

"అవునమ్మా. అందరివీ తీసుకుని బీరువాలో పెట్టుకోండి. కావలసినప్పుడల్లా ఎక్కించొచ్చు" అన్నాను నేను.

ఆమె నవ్వలేదు. కుర్చీలో కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. "అమ్మా, రక్తమైతే కొన్ని వారాలు నిలవ ఉంచొచ్చు. ప్లేట్‌లెట్లు అట్లా కాదు. ఐదు రోజులు దాటితే పారబోయాలి. ఇవాళ మీరంతా ఇస్తే అంతా వృథా. నాకు కావలసింది ఇవాళ ఇద్దరు, మళ్ళీ రెండు రోజులకు ఇద్దరు. అట్లా నెలలు. మీరంతా ఒక్కరోజు రావడం ఏమీ కష్టం కాదు. చెప్పిన రోజున చెప్పినవాళ్ళు తప్పకుండా రావడమే కష్టం."

ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

వచ్చినవాళ్ళను ఎట్లాగూ పరీక్షించారు. గ్రూపు, బరువు, నరం, హిమోగ్లోబిన్. హిమోగ్లోబిన్ అంటే రక్తంలో ఎర్రదనం, సత్తువ. మా ఆడవాళ్ళలో దాదాపు అందరికీ అది తక్కువ. నాకూ తక్కువే. వరుసగా వెనక్కి పంపుతుంటే సుబ్బమ్మకు రోషం వచ్చింది.

"నా రక్తంలో రక్తం లేదంటారేందే కోటీ! ఇంత మనిషిని కనపడటంలా?"

శ్రీను చెయ్యి చూసిన నర్సు మాత్రం మురిసిపోయి, "ఈ నరం చూడండి, మోకులా ఉంది" అని పక్క నర్సును పిలిచింది. ఆరోజు శ్రీను ఒక మిషను మీద, ఖాదర్ ఒక మిషను మీద. ఎఫెరెసిస్ అంటారు. చేతిలోంచి రక్తం తీసి, ప్లేట్‌లెట్లు మాత్రం ఉంచుకుని, మిగతా రక్తాన్ని తిరిగి ఒంట్లోకే పంపుతుంది ఆ మిషను. గంట పైనే పట్టింది. సంచిలో దిగినది చూశాను. ఎర్రగా ఉంటుందనుకున్నాను. లేత పసుపు, గంజి మీది తేటలాగా ఉంది. ఆ తేటలోనా ఒక ఆడపిల్ల ప్రాణం ఉండేది!

తిరుగు రైల్లో అందరూ డీలాపడ్డారు. ఇంతమంది ఉండి ఇద్దరివే పనికొచ్చాయి కదా అని. డాక్టరమ్మ మాటను నేను మళ్ళీ మళ్ళీ చెప్పాను. కిటికీ పక్కన ముడుచుకుని కూర్చున్న సుబ్బమ్మ ఉన్నట్టుండి ఇటు తిరిగింది.

"దీనికెందుకే అంత ఆలోచన? ట్యాంకరు నీళ్ళకు వంతులేసుకోలా మనం? ఈరోజు ఈ వరస, రేపు ఆ వరస అని? ఇదీ అట్లనే. వీధికో వంతు."

పెట్టెలో ప్రాణం లేచొచ్చింది. నీళ్ళ వంతు అంటే మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. వంతు తప్పినవాడి మొహం ఎవరూ చూడరు. నరసరావుపేటలో మొదలైన మాట మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగేసరికి తేలిపోయింది. పరీక్షలో నెగ్గినవాళ్ళంతా ఏ వీధివాళ్ళో, ఎవరి వెనక ఎవరో, అంతా నా తలకాయలోనే పెట్టుకున్నాను. రోజూ సాయంత్రం ఆటో తిప్పి, "రేపటి వంతు ఫలానా వీధిది, ఫలానా ఇద్దరు" అని చెప్పేవాళ్ళం. ఈసారి పాటతోనే. ఏ పాట వేయాలో ఫోనులో హసీనాను అడిగితే, "పెళ్ళి సన్నాయి వెయ్యి పెద్దమ్మా. ఇంకెవరూ ఏడవరు" అంది. సన్నాయి మోగితే చాలు, పిల్లలు ఆటో వెనక పడేవాళ్ళు, మగవాళ్ళు తమ పేరు వస్తుందేమోనని చెవులు పెట్టేవాళ్ళు. పేరు వచ్చినవాణ్ణి వీధంతా పెళ్ళికొడుకా అని పిలిచేది.

అట్లా కొన్ని వారాలు వంతు తప్పలేదు. గిద్దలూరు నుంచి కూడా రైలెక్కారు, కనిగిరిలో బాషా భాయ్ దగ్గర పని నేర్చుకున్న టైలర్లు బస్సులో పోయారు. నాకు గర్వం కూడా వచ్చింది అనుకోండి.

అప్పుడు వచ్చింది ఆ పొద్దు. బాషా భాయ్ గుంటూరు నుంచి ఫోను. 

"అక్కా, చిగుళ్ళల్లోంచి రక్తం ఆగటం లేదు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినాయంట. బ్యాంకులో ఉండేవి ఇంకో పిల్లోడికి ఎక్కించినారు. మనోళ్ళు బయల్దేరినారు గదా?"

"బయల్దేరినారు భాయ్" అన్నాను. వంతు శ్రీను, ఖాదర్‌లది. ఇద్దరిదీ ఒకే వీధి. రైలుకు ఇంకా వ్యవధి ఉంది. ఎందుకో మనసు ఒప్పక ఆటో ఎక్కి వాళ్ళ వీధికి పోయాం.

వీధి మొదట్లోనే అర్థమైంది. ట్యాంకరు! ఎన్నో రోజుల తర్వాత వచ్చిన ట్యాంకరు. బిందెలు, డ్రమ్ములు, పైపుల మీద పైపులు, అరుపులు. ఆ గుంపు మధ్యలో శ్రీను నడుముకు తువ్వాలు చుట్టుకుని, ఖాదర్ ట్యాంకరు మీదికెక్కి పైపు పట్టుకుని.

"ఏంది శీనూ ఇది? రైలు పోతాది!"

శ్రీను నన్ను చూసి మొహం దించుకున్నాడు. "అక్కా, ఇంట్లో చుక్క లేదు. మా ఆడమనిషి పచ్చి బాలింత. బిడ్డకు నీళ్ళు పోయాల. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ ట్యాంకరు ఎప్పుడో. రేపు పోతా అక్కా, పొద్దున్నే పోతా."

"రేపటికి ఆ పిల్ల..." అన్నాను. 

ఏమనాలి వాణ్ణి? తప్పు వాడిదా? వాడింట్లో ఒక పసిబిడ్డ, అక్కడ ఒక ఆడపిల్ల. ఇంకొకరిని పంపుదామంటే, పరీక్షలో నెగ్గిన మిగతావాళ్ళు ఆ వేళకు పనుల మీద పోయి ఉంటారు, కొత్తవాళ్ళకు నరం దొరకకపోతేనో? శ్రీను చేతిలో మోకులాంటి నరం ఉంది, అక్కడ మిషను కాచుకుని ఉంది. నడుమ ఒక ఖాళీ డ్రమ్ము అడ్డం.

మైకు అందుకున్నాను. ఏం మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు, నేర్చుకున్నదీ లేదు.

"హిమోగ్లోబిన్ లేదని వెనక్కి వచ్చిన ఆడవాళ్ళంతా వినండి! రక్తం ఇవ్వలేకపోతిమని ఏడ్చినారు గదా. రక్తం అక్కర్లేదు, రెక్కలు తెండి! శీను ఇంటి డ్రమ్ము నింపాల. ఖాదర్ ఇంటి డ్రమ్ము నింపాల. వాళ్ళు రైలెక్కాల! హసీనా కాడ రక్తం ఆగటం లేదు. రండి తల్లీ, బిందెలతో రండి!"

ముందు వచ్చింది ఎవరనుకున్నారు? సుబ్బమ్మే. దుకాణంలో త్రాసు అట్లాగే ఊగుతుండగా రెండు ప్లాస్టిక్ బిందెలతో, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, వగరుస్తూ. ఆ వెనక పూల అంగడామె. ఆ వెనక పక్క వీధి, ఆ పై వీధి. వరుసలో ఉన్నవాళ్ళు అడ్డం తిరుగుతారేమోనని భయపడ్డాను. నీళ్ళ కాడ మాకు అన్నదమ్ములు కూడా గుర్తుండరు. కానీ పైపు ముందు నిలబడ్డ ముసలామె తన బిందె పక్కకు లాగి, "ముందు బాలింత ఇల్లు" అంది. అంతే. పైపు శ్రీను వాకిట్లోకి మళ్ళింది.

"ఇంకా చూస్తావేందిరా?" అని శ్రీను నడుముకున్న తువ్వాలు లాగేసింది సుబ్బమ్మ. "నీ ఇంట్లో గిన్నెలు, చెంబులతో సహా నింపుతాం. పో! చొక్కా వేసుకో, పెళ్ళికొడుకా!"

శ్రీను, ఖాదర్ ఆటోలో ఆంప్లిఫైయర్‌కు అటొకరు, ఇటొకరు ఇరుక్కున్నారు. ఖాదర్ ప్యాంటు మోకాళ్ళ దాకా తడి. మా ఆయన సన్నాయి పెట్టి, శబ్దం చివరిదాకా పెంచి, ఆటో ఉరికించాడు. బజారులో తోపుడు బండ్లు, ఎద్దులబండ్లు, జీపులు, అన్నీ దారి ఇచ్చాయి. ఏ పెళ్ళివారో ముహూర్తానికి ఆలస్యమై పోతున్నారు పాపమని అనుకుని ఉంటారు. నేను మైకులో, "తప్పుకోండి నాయనా, తప్పుకోండి తల్లీ" అని అరుస్తూనే ఉన్నాను. స్టేషన్ చేరేసరికి రైలు ఆగి ఉంది. టికెట్టు తీసేలోపల కూత వేసింది. శ్రీను ఎక్కాడు, ఖాదర్ చెప్పు ఒకటి ప్లాట్‌ఫారం మీద జారిపోయింది. తలుపు దగ్గర నిలబడి రెండో చెప్పు కూడా నా వైపు విసిరి, "జత ఉంటే ఎవరికైనా పనికొస్తాది అక్కా!" అని అరిచాడు. రైలు కదిలింది. నేను చెప్పుల జత చేత్తో పట్టుకుని అక్కడే కూర్చుని, నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

మర్నాడు పొద్దున బాషా భాయ్ ఫోను. "ఆగింది అక్కా" అన్నాడు.   ఆ రెండు మాటల తర్వాత కూడా ఫోను పెట్టలేదు ఇద్దరం.

ఆరోజు నుంచి పద్ధతి మార్చాం. ఎవరి పేరు వంతుకు వస్తే వాళ్ళింటి నీళ్ళు పక్క వరస ఆడవాళ్ళవి. ఊరి మనిషి రైలెక్కితే ఇంట్లో డ్రమ్ము నిండి ఉండాలి. ఇంక ఒక్క వంతూ తప్పలేదు.

హసీనాకు మందులు రెండేళ్ళ పైనే నడిచాయి. మధ్యలో జ్వరాలు, భయాలు, అవన్నీ చెబితే మీకు నిద్ర వేళ దాటిపోతుంది. చివరి పరీక్ష అయ్యాక, జబ్బు జాడ లేదని డాక్టరమ్మ చెప్పిన రోజున, స్టేషన్ నుంచి ఇంటిదాకా మా ఆటోలోనే తెచ్చాం. సన్నాయి మోగుతూనే ఉంది. తల మీద జుట్టు మళ్ళీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి. వాకిట్లో దిగగానే సుబ్బమ్మను ఎగాదిగా చూసి, "పెద్దమ్మా, చిక్కిపోయినావు. ఆ జాకెట్టు మళ్ళీ విప్పి కుట్టాల" అంది.

"నీకు నీళ్ళు మోసి మోసి చిక్కినానే చచ్చినదానా!" అంది సుబ్బమ్మ, పిల్లను వాటేసుకుని.

ఇంకో సంగతి. ఆ తర్వాతి చలికాలంలో హనుమంతునిపాడు వైపు నుంచి ఒక రైతు మా దుకాణం ముందు నిలబడ్డాడు. ఆయన కొడుక్కి అదే జబ్బు. ఏమని చెప్పించాలో తెలియక తువ్వాలు మెలిపెడుతున్నాడు. నేను మైకు తీశాను. ఎదుటి దుకాణంలో కుట్టుమిషను ఆగింది. హసీనా రోడ్డు దాటి వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఇది నేను చెప్తా పెద్దమ్మా. నువ్వు సన్నాయి వెయ్యి."

ఈ పని నాకు నేర్పింది ఇది. జనానికి మనసు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనసు ఉంటుంది, ఇంట్లో డ్రమ్ము ఖాళీగా ఉంటుంది. సాయానికి రమ్మని పిలిచేవాళ్ళు ఆ డ్రమ్ము సంగతి కూడా చూడాలి. పిలవడం నాకు ముందే వచ్చు. నింపడం మా ఆడవాళ్ళు నేర్పారు.

ఇంక లేవండి, పొద్దుపోయింది. మీ ఇంట ఆడపిల్లలు, మగపిల్లలు నిండు నూరేళ్ళు ఉండాలి. మీ బిందెలు ఎప్పుడూ తొణుకుతూ ఉండాలి. మీ నరాలు మోకుల్లా ఉండాలి. మా ఆటో మీ వీధిలోకి ఎప్పుడు మళ్ళినా, తల్లీ, పాటతోనే రావాలి.